మసక అద్దం – మీట ఎవరి చేతిలో?

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం వ్రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను డి.ఆర్. బకాయిల గురించో, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు గురించో వ్రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. ఆ విషయాలు నాకన్నా బాగా వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఒక అద్దం గురించి వ్రాస్తున్నాను. సభ్యులు విసుగు చెందక చివరివరకు చదవవలసిందిగా మనవి.

కిందటి సంవత్సరం హైదరాబాదులో మా అబ్బాయి పనిచేసే ఆఫీసులో, కుటుంబ సభ్యులు వచ్చి చూడవచ్చునని ఒక రోజు పెట్టారు. మా ఆవిడ, కోడలు, మనుమరాలితో నేనూ వెళ్లాను. అక్కడ సమావేశాల గదికి గోడలు లేవు, నాలుగు వైపులా నిలువెత్తు అద్దాలే. లోపలి బల్ల, కుర్చీలు, మంచినీళ్ల సీసాలు అన్నీ కనిపిస్తున్నాయి. మా అబ్బాయి గోడ మీద ఒక మీట నొక్కాడు. రెప్పపాటులో ఆ అద్దమంతా మజ్జిగ పోసినట్టు తెల్లబడింది. లోపల ఏముందో ఇక తెలియలేదు. మళ్లీ నొక్కాడు, మళ్లీ అంతా కనిపించింది. మా ఆవిడ "ఇదేదో కనికట్టులా ఉంది" అన్నది.

నేను ముప్పై అయిదేళ్లు ఫైళ్లు చూసినవాణ్ణి. ఏ కాగితం చూసినా "దీనికి ఆధారం ఏది, దీని ముందు కాగితం ఏది" అని వెదకడం నాకు అలవాటు. అందుచేత ఒక ప్రశ్న అడిగాను. "కరెంటు పోతే ఏమవుతుందిరా?" అని. "తెల్లబడిపోతుంది నాన్నా" అన్నాడు. నేను తలకిందులుగా ఊహించుకున్నాను. కరెంటు పెడితే మసక వస్తుందనీ, తీసేస్తే మామూలు అద్దమవుతుందనీ అనుకున్నాను. అది కాదట. ఆ అద్దం సహజ స్థితి మసక. స్పష్టంగా కనిపించాలంటేనే కరెంటు ఖర్చు. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. మనుమరాలు ఇంజనీరింగు చదువుతున్నది. ఆమె చేత పుస్తకాలు తెప్పించుకొని, అర్థం కానిచోట అడిగి చెప్పించుకొని, నాలుగు నెలలు ఈ విషయం చదివాను. ఆ ఫైలు సారాంశమే ఇది.

కథ 1888లో, అప్పటి ఆస్ట్రియా-హంగరీ రాజ్యంలోని ప్రేగ్ నగరంలో మొదలవుతుంది. అక్కడ ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మొక్కలలోని కొలెస్టరాల్ వంటి పదార్థాలను పరిశీలిస్తున్నాడు. కొలెస్టరిల్ బెంజోయేట్ అనే తెల్లని పదార్థాన్ని వేడి చేస్తే అది 145.5 డిగ్రీల వద్ద కరిగి, మబ్బు పట్టినట్టుండే ద్రవమయింది. ఇంకా వేడి చేస్తే 178.5 డిగ్రీల వద్ద ఆ మబ్బు విడిపోయి తేటపడింది. ఒకే వస్తువుకు రెండు కరిగే స్థానాలు! తనకు అంతుపట్టక ఆయన జర్మనీలోని ఒట్టో లేమాన్ అనే భౌతిక శాస్త్రవేత్తకు ఉత్తరం వ్రాశాడు. ద్రవంలా పారుతూనే, స్ఫటికంలోవలె అణువులు ఒక వరుసలో నిలిచే స్థితి అది అని లేమాన్ గుర్తించాడు. ఆ స్థితిలోని పదార్థాలకే తరువాత ద్రవ స్ఫటికాలు అనే పేరు స్థిరపడింది. మన ఇండ్లలోని ఎల్.సి.డి. టీవీ పేరులో ఉన్న మొదటి రెండు అక్షరాలు ఇవే.

తరువాత సుమారు డెబ్బై ఏళ్లు ఈ ఫైలు దాదాపు పెండింగులోనే ఉన్నది. 1960లలో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఆర్.సి.ఎ. కంపెనీ పరిశోధనశాల దానిని మళ్లీ తెరిచింది. అక్కడ రిచర్డ్ విలియమ్స్ చేసిన పని తరువాత, జార్జ్ హైల్‌మయర్ అనే యువ ఇంజనీరు 1964లో రెండు గాజు పలకల మధ్య పల్చగా ద్రవ స్ఫటికాన్ని ఉంచి విద్యుత్తు ప్రయోగించాడు. తేటగా ఉన్న ద్రవంలో సుడులు పుట్టి, అది పాలవలె తెల్లబడింది. విద్యుత్తు ఆపగానే మళ్లీ తేటపడింది. 1968లో కంపెనీ ఈ సంగతిని లోకానికి ప్రకటించింది. కాని దానిని పెద్ద వ్యాపారంగా మలచుకున్నది ఆ కంపెనీ కాదు. 1973లో జపానుకు చెందిన షార్ప్ కంపెనీ ఇదే పద్ధతితో అంకెలు చూపే చేతి కాలిక్యులేటరును అమ్మకానికి పెట్టింది. మా సెక్షనుకు అటువంటి కాలిక్యులేటరు వచ్చిన రోజున, పే బిల్లుల కూడికలు నోటితో వేసే మా సూపరింటెండెంటు గారు దాని లెక్కను తన లెక్కతో సరిచూసి, రెండూ కలిసిన తరువాతనే సంతకం పెట్టారు.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. హైల్‌మయర్ పద్ధతిలో కరెంటు పెడితే మసక, తీస్తే తేట. అంటే నేను ఊహించుకున్న పద్ధతే. అది తిరగబడింది 1980లలో. అమెరికాలో జేమ్స్ ఫెర్గసన్ అనే శాస్త్రవేత్త ద్రవ స్ఫటికాన్ని సన్నని బిందువులుగా చేసి ప్లాస్టిక్ వంటి పొరలో పొదిగాడు. 1984లో ఆయనకు దీనిపై పేటెంటు వచ్చింది. ఒహాయో రాష్ట్రంలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో విలియమ్ డోన్, ఆయన సహచరులు ఇంకొక దారి కనుగొన్నారు. ద్రవ స్ఫటికాన్ని జిగురు వంటి పదార్థంలో కలిపి గట్టిపడనిస్తే, బిందువులు వాటంతట అవే ఏర్పడతాయి. 1986లో వారు ఆ వివరాలు ప్రచురించారు. మా అబ్బాయి ఆఫీసులోని అద్దం ఈ వంశంలోనిదే.

అది పనిచేసే తీరు మన వంటింటి ఉదాహరణతో చెప్పుకోవచ్చు. పకోడీలు పొట్లం కట్టిన కాగితం చూడండి. నూనె పీల్చిన చోట కాగితం వెనుక అక్షరాలు కనిపిస్తాయి. పొడి కాగితంలో నారల మధ్య గాలి ఉంటుంది. నారను దాటి గాలిలోకి, గాలిని దాటి నారలోకి పోయే ప్రతిసారీ వెలుతురు దారి తప్పి చెదిరిపోతుంది. నూనెలో వెలుతురు వంగే తీరు ఇంచుమించు నారలో వంగే తీరే. గాలి ఉన్నచోట నూనె నిండితే, వెలుతురుకు ఆ తేడా చాలావరకు తెలియదు. నేరుగా చాలా భాగం దాటిపోతుంది. అద్దంలోనూ అంతే. కరెంటు లేనప్పుడు ఒక్కొక్క బిందువులోని అణువులు ఒక్కొక్క వైపు తిరిగి ఉంటాయి. వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. కరెంటు పెడితే అణువులన్నీ ఒకే వైపు తిరిగి నిలబడతాయి. అప్పుడు బిందువుకూ, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌కూ వెలుతురు విషయంలో తేడా ఉండదు. అద్దం తేటపడుతుంది. ఆ పొరకు రెండు వైపులా ఇండియమ్ టిన్ ఆక్సైడ్ పూత ఉంటుంది. కరెంటును పారనిస్తూ కంటికి కనిపించని పూత అది. తేటగా ఉన్నంతసేపు చదరపు మీటరుకు కొన్ని వాట్లు మాత్రమే ఖర్చవుతుంది. కాని ఆ కొద్దిపాటి ఖర్చు ఆగిన క్షణాన మసక వచ్చేస్తుంది.

రెండవ వంశం వేరు. అది తెల్లబడదు, నీలంగా ముదురుతుంది. దాని మూలపురుషులలో ఒకరు మన దేశం నుంచి వెళ్లిన సత్యేన్ దేబ్ గారు. అమెరికన్ సయనమిడ్ కంపెనీలో పనిచేస్తూ, టంగ్‌స్టన్ ఆక్సైడ్ పల్చని పొర విద్యుత్తు ప్రభావంతో నీలిరంగుకు మారుతుందని 1969లో ప్రకటించారు. ఇది చాలా తక్కువ వోల్టేజితో పనిచేస్తుంది. ఒకసారి మారిన తరువాత కరెంటు తీసినా చాలాసేపు అలాగే ఉంటుంది. కాని పెద్ద కిటికీ పూర్తిగా మారడానికి నిమిషాలు పడుతుంది. ఈ రకం కిటికీలకు ఎండను అదుపు చేసి ఏ.సి. ఖర్చు తగ్గించే గుణం ఉన్నందున, స్వీడన్‌లోని ఉప్సాలాలో గ్రాన్‌క్విస్ట్ వంటివారు దశాబ్దాలపాటు దీనిపై కృషి చేశారు. ఈ పద్ధతికి దగ్గరి చుట్టమైన, జెల్లుతో చేసిన కిటికీలు బోయింగ్ 787 విమానంలో ఉన్నాయి. అందులో రెక్క కిందికి లాగే కిటికీ లేదు, మీట నొక్కితే అద్దమే చీకటి పడుతుంది. ఆ విమానం ప్రయాణికులతో మొదటిసారి ఎగిరింది 2011 అక్టోబరులో. ఎయిర్ ఇండియాకు మొదటిది చేరింది 2012లో. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లివచ్చిన మన సభ్యులలో కొందరు ఆ మీట నొక్కే ఉంటారు.

మన దేశంలో ద్రవ స్ఫటికాల విద్యకు పెద్ద దిక్కు ఎస్. చంద్రశేఖర్ గారు. సి.వి. రామన్ గారి మేనల్లుడు. బెంగుళూరు రామన్ పరిశోధనాలయంలో ఆయన, సహచరులు 1977లో పళ్లెం ఆకారపు అణువులు కూడా ద్రవ స్ఫటికాలుగా ఏర్పడతాయని కనుగొన్నారు. అంతకుముందు తెలిసినవన్నీ ప్రధానంగా పుల్లల ఆకారపు అణువులే. 1991లో బెంగుళూరులోనే ఆయన ఇందుకోసం ప్రత్యేక పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పారు.

2020లో టోక్యో నగరంలోని షిబుయా ప్రాంతపు పార్కులలో, షిగేరు బాన్ అనే వాస్తుశిల్పి ఈ అద్దాలతో మరుగుదొడ్లు కట్టాడు. బయటినుంచి చూస్తే లోపల ఎవరూ లేరనీ, శుభ్రంగా ఉన్నదనీ తెలుస్తుంది. లోపలికి పోయి గడియ వేస్తే అద్దం మసకబారుతుంది. చలి నెలలలో అద్దం మసకబారడం ఆలస్యమవుతున్నందున, ఆ కాలంలో ఎప్పుడూ మసకగానే ఉంచవలసి వచ్చింది. ఆ ఏర్పాటులో నాకు నచ్చినది ఒకటే. గడియ లోపలి మనిషి చేతిలో ఉన్నది. లోపల ఎవరూ లేనప్పుడు ఆ సంగతి బయటివారికి కనిపిస్తున్నది.

ఈ మాట నాకు ఎందుకు తగిలిందో చెప్పి ముగిస్తాను. ఇన్నేళ్లుగా ఇంట్లో కూడా చెప్పని సంగతి ఇది.

1979లో నేను ఒక జిల్లా కార్యాలయంలో యు.డి.సి.గా ఉన్నాను. అధికారి గది తలుపుకు పైభాగాన మసక అద్దం ఉండేది. అది మీటతో మారేది కాదు, ఎప్పుడూ మసకే. ఆయన కొన్ని రోజులు మధ్యాహ్నం మూడింటికే వెనుక తలుపు గుండా వెళ్లిపోయేవారు. ఫ్యాను, లైటు వేసే ఉంచేవారు. కుర్చీ వీపుకు తెల్లని తువ్వాలు ఉండేది. బయటినుంచి చూస్తే ఆ అద్దంలో ఒక మనిషి కూర్చున్నట్టే నీడ. ఎవరైనా అడిగితే "అయ్యగారు పనిలో ఉన్నారు" అని చెప్పాలని మాకు నోటిమాటగా ఉత్తర్వు.

ఒక రోజు చనిపోయిన ఉపాధ్యాయుని భార్య, ముసలమ్మ, కుటుంబ పింఛను కాగితాల మీద సంతకం కోసం పల్లె నుంచి బస్సులో వచ్చింది. మూడున్నర నుంచి బెంచీ మీద కూర్చున్నది. మధ్యలో ఒకసారి నా బల్ల దగ్గరికి వచ్చి, "బాబుగారు కదలకుండా వ్రాసుకుంటున్నారు నాయనా, పాపం ఎంత పనో" అన్నది. నాకు తెలుసు, లోపల తువ్వాలు తప్ప ఎవరూ లేరని. ఆ సీటుకు నేను కొత్త. కాన్ఫిడెన్షియల్ రిపోర్టు భయం. "కూర్చో అమ్మా" అన్నాను. అంతే అన్నాను. ఆమె ఆరింటిదాకా కూర్చున్నది. మరునాడు ఉదయం నేను ఆఫీసుకు వెళ్లేసరికి అదే బెంచీ మీద, అదే చీరతో ఉన్నది. ఆఖరి బస్సు తప్పి రాత్రి బస్టాండులో పడుకున్నదట. పదకొండింటికి సంతకం అయింది. కాగితాలు నేనే చేతికిచ్చాను. నా తలమీద చెయ్యి పెట్టి చల్లగా ఉండమని దీవించింది. ఆ దీవెన నాకు ఇంతవరకు అరగలేదు.

2005 అక్టోబరులో సమాచార హక్కు చట్టం అమలుకు వచ్చినప్పుడు నేను సూపరింటెండెంటును. దరఖాస్తులు వస్తే పని పెరుగుతుందని మా వాళ్లు గొణిగారు. నేను గొణగలేదు. ఆఫీసు కూడా ఆ అద్దం వంటిదే. పట్టించుకోకపోతే మసకగానే ఉంటుంది. తేటగా ఉంచాలంటే ఎవరో ఒకరు, ఎంతో కొంత, ఆగకుండా ఖర్చు పెడుతూనే ఉండాలి. ఇప్పుడు మనమంతా బెంచీ వైపు వచ్చినవాళ్లం. బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో అద్దం అవతల ఎవరైనా ఉన్నారా, తువ్వాలే ఉన్నదా అని చూసే వయసు. అందుకే ఉద్యోగాలలో ఉన్న మన పిల్లలు ఇది చదవాలని నా కోరిక.

ఆ రోజు హైదరాబాదులో బయలుదేరే ముందు మా అబ్బాయితో ఒక మాట చెప్పాను. "లోపల ఎవరూ లేనప్పుడు ఆ అద్దం తేటగా ఉంచండిరా" అని.

"అప్పుడు కరెంటు ఖర్చవుతుంది కదా నాన్నా" అన్నాడు.

"అవుతుంది. కానివ్వండి" అన్నాను.