నీరు దిగువకు, సరుకు ఎగువకు: బందరు కాలువలో పడవ రవాణా చరిత్ర

ఉపోద్ఘాతం

కృష్ణా డెల్టా కాలువలపై జరిగిన చర్చ ఎక్కువగా సాగునీటి చుట్టూనే తిరిగింది. ఎన్ని ఎకరాలు మాగాణి అయ్యాయి, శిస్తు ఎంత పెరిగింది అన్న ప్రశ్నలకు లభించిన ప్రాధాన్యం ఆ నీటిపై నడిచిన పడవకు లభించలేదు. కానీ ఈ కాలువలను తవ్వించినవారి దృష్టిలో అవి పంటకు నీరిచ్చే పిల్లకాలువలకు పెద్దరూపాలు మాత్రమే కావు, అవి రహదారులు కూడా. ఆర్థర్ కాటన్ జీవితాంతం ఈ వాదాన్నే వినిపించాడు. భారతదేశానికి రైలు కంటే నీటి మార్గమే చౌక అన్నది ఆయన దృఢాభిప్రాయం. ఆ అభిప్రాయం బందరు కాలువ విషయంలో ఎంతవరకు నిలిచింది, ఎక్కడ తలకిందులైంది అన్నది పరిశీలించదగిన అంశం.

కాలువకు ముందు బందరు

‘బందరు’ అంటే పారసీక భాషలో ఓడరేవు. కాలువ తవ్వకానికి రెండున్నర శతాబ్దాల ముందే ఈ రేవు ప్రపంచ వాణిజ్యంలో పేరు పొందింది. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ ఇక్కడికి వచ్చింది. డచ్చివారు అప్పటికే వచ్చి ఉన్నారు. కలంకారీ అద్దకం ఇక్కడి నుంచే పారసీక దేశానికి, ఐరోపాకు వెళ్ళింది. అయితే రేవు లోతు లేనిది. పెద్ద ఓడలు తీరానికి మైళ్ళ దూరంలో లంగరు వేసేవి. సరుకును చిన్న పడవల్లో ఓడ దగ్గరికి చేర్చవలసి వచ్చేది.

లోతట్టు ప్రాంతంతో రేవుకు ఉన్న సంబంధం మరింత బలహీనమైనది. వర్షాకాలంలో డెల్టా నల్లరేగడిలో బండి చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది. 1830-31లో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చేసినప్పుడు స్తోమత గలవారికి పల్లకీ, బోయీలే దిక్కు. 1832-33 నాటి నందన కరువులో గుంటూరు సీమ జనం పిట్టల్లా రాలిపోయారు. పంట పండించే నీరు లేకపోవడం ఆ విపత్తుకు ఒక కారణం. ధాన్యం ఉన్నచోటు నుంచి లేనిచోటికి చేర్చే దారి లేకపోవడం మరొకటి. కాటన్ తరహా ఇంజనీర్లు నీటిపారుదలను, నౌకాయానాన్ని విడదీయకపోవడానికి మూలం ఈ రెండో కారణంలో ఉంది.

ఆనకట్ట, లాకులు

బెజవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట నిర్మాణం 1852లో మొదలై 1855 నాటికి పూర్తయింది. దాన్ని నిర్మించినవాడు కెప్టెన్ చార్లెస్ ఓర్. తూర్పు గట్టున తల తూము దాటిన నీరు బెజవాడ నడిబొడ్డున ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువగా చీలుతుంది. ఏలూరు కాలువ గోదావరి కాలువలతో కలుస్తుంది. ఆనకట్ట ఎగువన నిలిచిన నీటిలో నదిని అడ్డంగా దాటి సీతానగరం వైపు చేరిన పడవ, కొమ్మమూరు కాలువ మీదుగా పెదగంజాం వద్ద బకింగ్‌హామ్ కాలువలో ప్రవేశించేది. ఆ విధంగా కాకినాడ నుంచి మద్రాసు దాకా ఒకే నీటిదారి ఏర్పడింది. రైవస్ కాలువ, దాని ఉపకాలువలు గుడివాడ ప్రాంతాన్ని తడిపాయి. బందరు కాలువ జిల్లా కేంద్రానికి సాగింది.

ఒకే కాలువ రెండు పనులు చేయడంలో ఒక చిక్కు ఉంది. పంటకు పారే నీరు కావాలి, పడవకు నిలకడగా ఉన్న నీరు కావాలి. నేల సముద్రం వైపు వాలుతున్నకొద్దీ నీటిమట్టం మెట్లు మెట్లుగా దిగాలి. ఆ మెట్టు దగ్గర కట్టినదే లాకు. రెండు జతల తలుపుల మధ్య ఒక తొట్టి ఉంటుంది. దిగువ నుంచి వచ్చిన పడవ తొట్టిలో చేరగానే వెనుక తలుపులు మూస్తారు. ఎగువ తూము ఎత్తితే తొట్టి నిండి, పడవ నీటితోపాటు పైకి లేస్తుంది. మట్టాలు సమానమైనాక ముందు తలుపులు తెరుచుకుంటాయి. ఈ క్రియకు పట్టే సమయంలోనే వెనుక పడవలు బారులు తీరేవి. లాకు దగ్గర పడవ ఆగుతుంది కాబట్టి ప్రయాణికుడు దిగి కాళ్ళు చాపుకునేవాడు. వంటా వార్పూ అక్కడే జరిగేవి.

వేసవిలో మరమ్మతులకు, పూడిక తీతకు కాలువలు కట్టివేసేవారు. అంటే వైశాఖ జ్యేష్ఠాల్లో, పెళ్ళిళ్ళ రాకపోకలు ముమ్మరంగా ఉండే రోజుల్లోనే పడవ నిలిచిపోయేది. పంటకు అనువైన ఈ ఏర్పాటు ప్రయాణికుడికి అనువైనది కాదు. రెండు ప్రయోజనాల మధ్య పోటీ వచ్చినప్పుడు గెలిచినది ప్రతిసారీ పంటే.

ఎదురు నడిచిన సరుకు

కాలువ ఊహలో బరువైన పడవ ప్రవాహంతోపాటు దిగువకు, అంటే రేవుకు, రావాలి. 1855 తరువాత బందరుకు జరిగినది వేరు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో పట్టణంలోను పరిసరాల్లోను దాదాపు ముప్పై వేల మంది మరణించారు. మేట వేసుకుపోతున్న రేవుకు అది కోలుకోలేని దెబ్బ. ఈలోగా 1880ల చివర నైజాం రైలు బెజవాడ చేరింది. 1893లో కృష్ణపై రైలు వంతెన సిద్ధమైంది. బందరుకు మాత్రం 1908 దాకా రైలు లేదు. ‘ఓడలు బళ్ళు, బళ్ళు ఓడలు’ అన్న సామెత ఇక్కడ అక్షరార్థంలోనే జరిగింది.

ఈ రెండు తేదీల మధ్య ఉన్న సుమారు ఇరవై ఏళ్ళే బందరు కాలువలో పడవకు నిజమైన వైభవకాలం అనుకోవాలి. బెజవాడలో రైలు అందుకోవలసిన వకీలు, విద్యార్థి, వర్తకుడు రాదారి పడవ ఎక్కారు. కానీ ఇదే కాలంలో కాలువ తర్కం తిరగబడింది. దిగువ డెల్టా ధాన్యం, తీరం ఉప్పు, చేప ఇప్పుడు రైలు స్టేషను కోసం ఎగువకు పోవాలి. నిండు పడవ ఏటికి ఎదురీదాలి. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగేవారు. కాటన్ లెక్కలో నీటి రవాణా చౌకదనానికి ప్రధాన కారణం నీటి మీద రాపిడి తక్కువ కావడం. ఆచరణలో ఆ చౌకదనంలో కొంత భాగం పడవ లాగినవాడి కూలి నుంచి వచ్చింది. నీటి పన్నుకు రికార్డులు ఉన్నాయి, ఆనకట్ట కట్టిన ఇంజనీరు పేరు ఉంది. తాడు లాగినవారు చరిత్రలో ఒక గుంపుగా మాత్రమే మిగిలారు.

1908లో వచ్చిన బెజవాడ-బందరు రైలు గుడివాడ, పెడన మీదుగా వెళ్ళింది. 1928లో గుడివాడ నుంచి భీమవరానికి మార్గం ఏర్పడడంతో గుడివాడ కూడలి అయింది. కాలువ వెలుగులో ఉన్న బందరును రైలు వెలుగులో గుడివాడ దాటిపోయిన క్రమానికి ఇది ఆరంభం. అయితే కంకిపాడు, ఉయ్యూరు ప్రాంతాలు రైలుకు దూరంగానే ఉండిపోయాయి. అక్కడ పడవను మాన్పించినది రైలు కాదు, బస్సు, లారీ. 1952లో పాత ఆనకట్టకు గండి పడింది. దాని స్థానంలో 1954-57 మధ్య నిర్మించిన ప్రకాశం బ్యారేజీ నెత్తిన రోడ్డును మోసింది. నీటి దారిని కలపడానికి పుట్టిన కట్టడం స్థానంలోకి రోడ్డును కలిపే కట్టడం వచ్చింది. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో ఏలూరు, కొమ్మమూరు కాలువలకు చోటు దక్కింది గాని బందరు కాలువకు దక్కలేదు.

సాహిత్యంలో ఈ ప్రయాణం గురించి వెదికేవారికి ముందుగా గుర్తొచ్చేది పాలగుమ్మి పద్మరాజు కథ ‘పడవ ప్రయాణం’. అది గోదావరి సీమ రచయిత కథ. ఆ వాతావరణాన్ని కృష్ణకు యథాతథంగా అన్వయించడం పొరపాటు. కృష్ణా కాలువలకు సొంత ఆధారాలున్నాయి. ఉదాహరణకు, 1935లో పాతూరి నాగభూషణం ఆవలి గట్టున గుంటూరు జిల్లాలో నడిపిన పడవ గ్రంథాలయం. తీరికగా కదిలే పడవలో కూర్చున్నవాడు చదువుకుంటాడన్న ఆలోచన నుంచి పుట్టిన ప్రయత్నమది. బస్సు ప్రయాణికుడి కోసం ఎవరూ అలాంటిది ఊహించలేదు.

మాటల పొరలు

పడవ పోయినా పదజాలం మిగిలింది. దానిలో పొరలున్నాయి. లంగరు, సరంగు పారసీకం నుంచి, చుక్కాని అరబ్బీ నుంచి వచ్చాయి. ఇవి సముద్రం మీదుగా రేవుకు చేరిన మాటలు. రేవు, తెడ్డు, గెడ, తెరచాప ఏటి మాటలు, తెలుగువి. ‘లాకు’ ఒక్కటే కాలువతోపాటు వచ్చిన ఇంగ్లీషు మాట. అది ఎంతగా తెలుగైందంటే, విజయవాడలో ‘బందరు లాకులు’ అన్నప్పుడు అది ప్రాంతం పేరుగానే వినిపిస్తుంది, పడవ ఎవరికీ స్ఫురించదు.

దివిసీమ

దివిసీమలో కథ ఇలా నడవలేదు. పులిగడ్డ వద్ద కృష్ణ రెండు పాయలై ఈ నేలను చుట్టుకుంటుంది. ఇక్కడి పడవ కాలువ పడవ కాదు. దానికి లాకు లేదు, తాడు లాగే గట్టు లేదు. అది సముద్రపు పోటు పాటులను చూసుకుని నడుస్తుంది. 1930లలో పులిగడ్డ అక్విడక్టు కట్టి కాలువనే నది మీదుగా దాటించారు. నీరు దివికి చేరింది గాని మనిషి గుంటూరు జిల్లా వైపు దాటడానికి మాత్రం 2006లో పులిగడ్డ-పెనుమూడి వారధి తెరుచుకునే దాకా రేవులో నిలబడవలసిందే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఈ సీమలో వేలాదిమంది కొట్టుకుపోయారు. అధికారిక లెక్కే పదివేలకు చేరింది. హెచ్చరిక అందినా వెళ్ళే దారి ఏదన్న ప్రశ్న అప్పటినుంచి ఇక్కడ మిగిలే ఉంది. నాగాయలంక మండలంలోని ఎదురుమొండి దీవివారు ఇటీవలి కాలం దాకా ఏటిమొగ రేవు నుంచి పంటు మీదనే రాకపోకలు సాగించారు. బడి పిల్లలు, గర్భిణులు, ధాన్యం బస్తాలు, మోటారు సైకిళ్ళు ఒకే పంటులో దాటాయి. తుపాను గాలి లేచినప్పుడు ముందుగా ఆగిపోయేది కూడా ఆ పంటే.