కరువు కట్టిన గుడి, కరువు తవ్విన కాలవ

మెదక్ చర్చిలోకి నేను మొదటిసారి అడుగుపెట్టింది సాయంత్రం నాలుగు దాటాక. బలిపీఠం వెనక పెద్ద కిటికీలో క్రీస్తు ఆరోహణం బొమ్మ. రంగు గాజుముక్కలను సీసపు పట్టీలతో అతికించి కూర్చారు. వెలుగు బయటి నుంచి వస్తేనే అది బొమ్మ. పొద్దు వాలేకొద్దీ ఎరుపు నల్లబడింది, చివరికి నీలం కూడా ఆరిపోయింది. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన ఆ కిటికీని 1927లో పెట్టారు. క్రీస్తు జననం కిటికీ 1947లో, సిలువ కిటికీ 1958లో వచ్చాయి.

నెల్లూరు జిల్లా తీరంలో, బకింగ్‌హామ్ కాలవ పక్కన పుట్టినవాణ్ణి నేను. అంత గోపురం మా వైపు లేదు. నెల్లూరు కేథలిక్ మేత్రాసనం 1928లో ఏర్పడింది, పట్టణంలో సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ ఉంది. కానీ గోతిక్ పనితనం చూడాలంటే మెదక్‌కే పోవాలి. మొనదేలిన కమానులు, బరువును పక్కలకు దించే ఆనుగోడలు, పైకి సన్నబడే శిఖరాలు. పన్నెండో శతాబ్దంలో పారిస్ పక్కన సెయింట్ డెనిస్‌లో రూపు దిద్దుకున్న ఆ పద్ధతి మన నల్లరేగడి, ఎర్రమట్టి నేలల దాకా వచ్చింది. మెదక్ చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గంటగోపురం ఎత్తు 175 అడుగులు. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో పని మొదలుపెట్టించాడు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ. అప్పటికది వెస్లియన్ మెథడిస్టుల చర్చి, వాళ్లకు బిషప్పు లేడు. బిషప్పు పీఠం ఉంటేనే కెథడ్రల్. ఆ పేరు 1947లో, బిషప్పులున్న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడ్డాకే దక్కింది.

ఆ రాళ్లు మోసినవాళ్లు కరువు జనం. పనికి తిండి. ఈ మాట విన్నప్పుడే నాకు మా కాలవ గుర్తొచ్చింది.

1876లో మొదలైన ధాత కరువును మా పెద్దలు మరిచిపోలేదు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, జనం ఆకలి చూడలేక, కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. పార పట్టిన మగవాళ్లకు, మట్టిగంప ఎత్తిన ఆడవాళ్లకు కూలి దొరికింది. వాళ్లలో మాదిగలు ఎందరో. అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఈ ఒక్క నిర్ణయం వల్ల ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. కరువు తెరిపిచ్చాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. బాప్టిస్టులకు చిలకరింపు చాలదు, నిండా మునగాలి. ఆరోజు వాళ్లకు ఏరే గుడి.

అదే ఏడాది కాలవకు మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టారు. తవ్విన చేతుల పేరు ఎక్కడా లేదు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి ఉప్పు, శ్రీహరికోట సరుగుడు కట్టెలు ఈ నీటి మీదే పడవల్లో మద్రాసు చేరాయి. 2004 సునామీ రోజున చొచ్చుకొచ్చిన అలను చాలాచోట్ల ఈ కాలవే తనలోకి తీసుకుంది.

మెదక్‌లో జనం ఆకలి 175 అడుగులు పైకి లేచింది, మా తీరాన మట్టిలోకి దిగింది. పైకి లేచినదాన్ని చూడటానికి ఊళ్లకు ఊళ్లు కదులుతాయి. మా కాలవ చాలాచోట్ల పూడిపోయి, తుమ్మ మొలిచి ఉంది. కట్ట మీద నిలబడితే పారల గుర్తులేవీ కనిపించవు. అయినా ఈ మట్టి ప్రతి గంపా ఒక మనిషి నెత్తిన వచ్చిందే.

మెదక్ వెళ్లేవాళ్లు పొద్దు ఉండగానే వెళ్లండి, కిటికీలు వెలుగుతుంటాయి. మా ఊళ్లవాళ్లకు నా విన్నపం వేరు. కాలవ కట్ట మీద ఒక్క రాయి నిలుపుదాం. దాని మీద ‘ధాత కరువు, 1876–78, ఇక్కడ కూలి చేసినవాళ్లు’ అని రాయిస్తే చాలు.