బాయ్‌కాట్: ఒక ఏజెంటు ఇంటిపేరు

1880లో ఐర్లండ్‌లోని మేయో ప్రాంతంలో కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్ అనే ఎస్టేట్ ఏజెంటు, కౌలు తగ్గించమన్న రైతులను ఖాళీ చేయించబోయాడు. ఊరు ఊరంతా ఆయనతో తెగతెంపులు చేసుకుంది. కూలీలు పనికి రాలేదు, దుకాణదారులు సరుకు అమ్మలేదు. పంట తీయడానికి బయటినుంచి యాభై మందిని తెస్తే, వాళ్ల కాపలాకు వందల మంది సైనికులు దిగారు. ఆ ఏడాది చివరికల్లా ఆయన ఇంటిపేరు ఇంగ్లిషులో క్రియాపదమైపోయింది.

మనకు ‘వెలి’ ఉంది గానీ, అది ఎక్కువగా ఊళ్లో బలమున్నవాళ్లు లేనివాళ్ల మీద వేసింది. బాయ్‌కాట్ కింది నుంచి పైకి వెళ్లింది. అందుకే ఈ మాటంటే నాకు గౌరవం.

అదే ఆయుధం తర్వాత పెద్ద కంపెనీల మీదా పనిచేసింది. 1995లో షెల్ కంపెనీ ఉత్తర సముద్రంలోని బ్రెంట్ స్పార్ అనే పాత చమురు నిల్వ కట్టడాన్ని అట్లాంటిక్‌లో ముంచేయాలనుకుంది. పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ అడ్డుపడింది. జర్మనీలో కార్లవాళ్లు షెల్ బంకు దాటుకుని వెళ్లి వేరేచోట పెట్రోలు పోయించుకున్నారు. జూన్ 20న కంపెనీ వెనక్కి తగ్గింది. అందులో మిగిలిన చమురు గురించి గ్రీన్‌పీస్ చెప్పిన లెక్క తప్పని తర్వాత తేలింది. గ్రీన్‌పీస్ క్షమాపణ చెప్పింది. పాత కట్టడాలను సముద్రంలో ముంచకూడదన్న అసలు వాదన మాత్రం చెక్కుచెదరలేదు. 1998లో ఈశాన్య అట్లాంటిక్ దేశాలు, కొద్దిపాటి మినహాయింపులతో, పాత చమురు కట్టడాలను సముద్రంలో పారేయడాన్ని నిషేధించాయి.