రెండు సూర్యోదయాల ప్రయాణం

పెర్త్ నుండి లండనుకు సుమారు 14,500 కిలోమీటర్లు. 2018లో మొదలైన విమానం ఆగకుండా పదిహేడు గంటలలో చేరుస్తుందంటే "అమ్మో, అన్ని గంటలా!" అని నిట్టూరుస్తాం.

1942 ఫిబ్రవరిలో సింగపూరు జపాను వశమైంది. ఆస్ట్రేలియా, బ్రిటనుల నడుమ విమానమార్గం తెగిపోయింది. 1943లో క్వాంటాస్ సంస్థ కాటలీనా నీటివిమానాలతో పెర్త్‌ను, సింహళంలోని కొగ్గల సరస్సును కలిపింది. ఐదున్నర వేల కిలోమీటర్లకు పైబడిన సముద్రం. 27 నుండి 33 గంటల ఏకధాటి ప్రయాణం. ఇంధనపు బరువు పోగా ముగ్గురు ప్రయాణికులకూ, కొద్దిపాటి ఉత్తరాలకూ మాత్రమే చోటు మిగిలేది. శత్రువు పసిగట్టకుండా రేడియో మౌనం పాటించేవారు. రాత్రి నక్షత్రాలను చూసి దారి లెక్కగట్టేవారు. గాలిలోనే రెండుసార్లు తెల్లవారేది.

యుద్ధం ముగిసిన 1945 వరకూ ఆ దారి తెగలేదు. మన పదిహేడు గంటల విసుగుకు ముందు ఆ రెండు సూర్యోదయాలున్నాయి.