పాత బోల్టే నమూనా: 1990 నాటి విమాన ప్రమాదం

1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మాలగాకు బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 17,300 అడుగుల ఎత్తులో ఉండగా కెప్టెన్ ఎదుటి అద్దం ఊడిపోయింది. ఆయన శరీరం సగం బయటికి లాక్కుపోయింది. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకొని ఉండగా సహ పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్‌తో సహా అందరూ బతికారు.

ఆ అద్దాన్ని 27 గంటల ముందే మార్చారు. బిగించిన 90 బోల్టులలో 84 సన్నవి. తేడా సుమారు 0.66 మిల్లీమీటర్లే. మిగిలిన ఆరు పొట్టివి. ఇది ఎలా జరిగిందో పరిశీలిద్దాం. షిఫ్టు మేనేజరు విడిభాగాల జాబితా చూడలేదు. పాత బోల్టును దగ్గర పెట్టుకొని, మసక వెలుతురులో కంటితో పోల్చి కొత్తవి ఏరాడు (మెకానిక్ షెడ్డులో మనమూ చేసే పనే). వాడవలసింది 8డి రకమని స్టోరు ఉద్యోగి చెప్పాడు కూడా. కానీ ఊడదీసిన పాతవాటిలో ఎక్కువ భాగం అంతకుముందెప్పుడో పొరపాటున వేసిన పొట్టి రకం. నాలుగేళ్లు అవి నిలిచాయి గనుక అవే సరైనవనుకున్నాడు. అంటే నమూనాయే తప్పు. పైగా రెండు రకాల మరల పిచ్ ఒకటే కావడంతో సన్న బోల్టు కూడా నట్టులో తిరిగింది. మర జారిన చప్పుడును బిగుసుకున్న గుర్తుగా అతడు భావించాడు. ఆ విమానంలో అద్దాన్ని బయటి వైపు నుంచి బిగిస్తారు. అందువల్ల పైకి వెళ్లేకొద్దీ లోపలి గాలి పీడనమంతా ఆ బోల్టులపైనే పడింది.