యుద్ధ ట్యాంకు అమ్మి కట్టిన బడి

ఇటలీ ఉత్తరాన రెజియో ఎమీలియా అనే పట్టణం. దానికి కొద్ది మైళ్ల దూరంలో చెల్లా అనే పల్లె. 1945లో జర్మన్ సేనలు ఆ ఊరు విడిచి పారిపోతూ ఒక యుద్ధ ట్యాంకును, మూడు లారీలను, ఆరు గుర్రాలను వదిలేసి పోయాయి. అవి అమ్మితే నాలుగు డబ్బులొస్తాయి. వాటితో ఏం చెయ్యాలి? నాటకశాల కడదామని మగవాళ్లు, పిల్లలకు బడి కడదామని ఆడవాళ్లు పట్టుబట్టారట. ఆడవాళ్ల మాటే నెగ్గింది.

ఈ కబురు పాతికేళ్ల లోరిస్ మలగుజ్జి చెవిన పడింది. ఆయన బడిపంతులు. నమ్మలేక సైకిలెక్కి చెల్లా వెళ్లాడు. అక్కడ ఆడవాళ్లు బాంబులకు కూలిన ఇళ్ల ఇటుకలు ఏరుకొచ్చి, కడిగి, పేరుస్తున్నారు. స్థలం ఓ రైతు ఇచ్చాడు. ఇసుక ఏటి నుంచి వస్తుంది. ఇక పని అంటారా, పగలు పొలం చూసుకుని రాత్రుళ్లూ ఆదివారాలూ చేసుకుంటామన్నారు. పంతులువి కదా, బడి నడిపే సంగతి నువ్వు చూడమన్నారు. తనకూ పెద్దగా తెలియదని, పిల్లలతో పాటే నేర్చుకుంటానని ఆయన బదులిచ్చాడు. ఆ మాట మర్యాదకు అన్నది కాదని తర్వాతి యాభై ఏళ్లు రుజువు చేశాయి.

ఇటలీకి విముక్తి దినం ఏప్రిల్ 25. చెల్లా బడికి అదే పేరు పెట్టారు. చుట్టుపక్కల పేటల్లోనూ అలాంటి బడులు లేచాయి. పసిపిల్లల చదువు అప్పట్లో చాలావరకు చర్చి చేతిలో ఉండేది. తల్లులు నడిపే ఈ బడులకు డబ్బు లేదు, గుర్తింపూ లేదు. కొన్ని మూతపడ్డాయి కూడా. 1963లో రెజియో మున్సిపాలిటీ తన సొంత ఖర్చుతో తొలి శిశు పాఠశాల తెరిచింది. దాని పేరు రాబిన్సన్. 1970లో ఊరి నడుమ పార్కులో డయానా బడి వచ్చింది. ఆ మరుసటేడు మూడేళ్ల లోపు పసివాళ్లకూ ఓ కేంద్రం మొదలైంది.

ఈ బడుల్లో ముందే రాసిపెట్టిన పాఠ్యప్రణాళిక ఉండదు. అలాగని పిల్లల్ని ఆడుకోమని వదిలేసి టీచరు కుర్చీలో కునుకు తీసే బడులూ కావివి. ప్రతి తరగతికీ ఇద్దరు టీచర్లు. పిల్లలు ఏమంటున్నారో, దేని దగ్గర ఆగిపోతున్నారో రాసుకుంటారు, ఫొటోలు తీస్తారు, మాటలు రికార్డు చేస్తారు. తర్వాత కూర్చుని, రేపు వాళ్ల ముందు ఏం పెడితే ఆట ఇంకో మెట్టు ఎక్కుతుందో ఆలోచిస్తారు. ప్రతి బడిలో అతెలియే అనే పనిగది ఉంటుంది. అందులో మట్టి, తీగ, రంగులు, కాగితాలు, అద్దాలు, పనికిరాని డబ్బాలు. దాన్ని చూసుకునేది కళలో చదువుకున్న మనిషి. డయానాలో వేయా వెక్కి ముప్పై ఏళ్లు ఆ పని చేశారు. పిల్లలకు వంద భాషలున్నాయని మలగుజ్జి అనేవాడు. బొమ్మ గీయడం ఒక భాష, మట్టి పిసకడం ఒక భాష, నీడతో ఆడటం ఇంకొకటి.

ఆ పద్ధతి ఎలా నడుస్తుందో చూడాలంటే డయానా బడిలోని ఒక బల్ల కథ చాలు. తరగతిలో ఉన్న బల్లలాంటిదే మరొకటి కావాల్సి వచ్చింది. వడ్రంగి వచ్చి కొలతలిమ్మన్నాడు. మనమైతే టేపు తెచ్చి రెండు నిమిషాల్లో తేల్చేస్తాం. అక్కడి టీచర్లు ఆ పని చెయ్యలేదు. కొలవడం పిల్లలకే వదిలి పక్కన నిలబడ్డారు. అయిదారేళ్ల పిల్లలు ముందు వేళ్లతో, పిడికిళ్లతో, జానలతో కొలిచారు. ఒకరి లెక్క ఇంకొకరితో కలవలేదు. పూలమ్మే ఆవిడ మూర, కొనే ఆవిడ మూర ఒకటేనా? మన వీధుల్లో రోజూ నడిచే ఈ తగాదానే ఆ పిల్లలు తమ బల్ల మీద కనిపెట్టారు. తర్వాత కాగితాల మీద గీతలు గీసి, అంకెలు వేసి, ఎవరి స్కేలు వాళ్లే తయారు చేసుకున్నారు. గీతల మధ్య ఎడం ఒక్కోదానిలో ఒక్కో తీరు! ఆ స్కేళ్లూ పొసగలేదు. చివరికి ఓ పిల్లవాడు తన బూటు విప్పి ఇచ్చాడు. అందరూ ఆ ఒక్క బూటుతోనే కొలవాలని ఒప్పందం. బల్ల ఎన్ని బూట్లో తేలింది. ఆ తర్వాతే మీటరు కర్ర అవసరం పిల్లలకు తెలిసొచ్చింది. వడ్రంగికి బొమ్మ గీసి, కొలతలు వేసి ఇచ్చారు. ఇదంతా 'బూటు, మీటరు' అనే పుస్తకంగా 1997లో వెలువడింది. కొలతల పాఠం ఇంతకంటే బాగా చెప్పిన పుస్తకం అరుదు.

లా విల్లెట్టా అనే మరో బడిలో పిల్లలు పెరట్లోకి వచ్చే పిట్టల కోసం చిన్న నీటి మడుగు ఏర్పాటు చేశారు. 1992లో ఇంకో ఆలోచన పుట్టింది. పిట్టలకు ఓ వినోదాల పార్కు ఎందుకు కట్టకూడదు? ఊళ్లోని ఫౌంటెన్లు చూసొచ్చి బొమ్మలు గీశారు, మట్టితో నమూనాలు చేశారు, కాగితంతో నీటిచక్రాలు తిప్పి చూశారు. చివరికి తల్లిదండ్రులు చెయ్యి కలిపి పెరట్లో నిజంగానే నీళ్లు పారే ఫౌంటెన్లు నిలబెట్టారు. పిట్టలు వాటిని మెచ్చాయో లేదో పిట్టలకే తెలియాలి.

ఇదంతా గొడవ లేకుండా సాగిందనుకుంటే పొరపాటు. 1976లో చర్చి పెద్దల తరఫున ప్రభుత్వ రేడియోలో ఈ బడుల మీద దాడి మొదలైంది. పిల్లల్ని చెడగొడుతున్నారన్నది ఆరోపణ. మలగుజ్జి బడుల రోజువారీ పనులు ఆపి, విమర్శించిన వాళ్లతో సహా అందరికీ తలుపులు తెరిచాడు. నెలల తరబడి చర్చలు సాగాయి. బడులు నిలిచాయి. 1991లో అమెరికా పత్రిక న్యూస్‌వీక్ ప్రపంచంలోని మేటి బడుల్లో డయానాను చేర్చాక విదేశీ టీచర్లు రెజియోకు బారులు తీరారు. మలగుజ్జి 1994 జనవరిలో కన్నుమూశాడు. ఆయన పేరిట 2006లో తెరిచిన అంతర్జాతీయ కేంద్రం ఒకప్పుడు చీజ్ నిల్వ చేసిన గోదాముల్లో ఉంది.

ఇప్పుడు హైదరాబాద్ ప్లేస్కూళ్ల ప్రకటనల్లోనూ రెజియో పేరు వినిపిస్తోంది. తల్లిదండ్రులు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. రెజియో వాళ్లు ఎవరికీ తమ పేరు ఫ్రాంచైజీ ఇవ్వరు, సర్టిఫికెట్టూ ఇవ్వరు. అది ఒక ఊరి మున్సిపాలిటీ తన పిల్లల కోసం నడుపుకుంటున్న బడుల సముదాయం. కాబట్టి ఫీజు కట్టే ముందు బోర్డు చదవడం మాని లోపలికి వెళ్లి గోడలు చూడండి. ముప్పై మంది పిల్లలు రంగులద్దిన ముప్పై యాపిళ్లూ ఒక్క అచ్చులో పోసినట్టు కనిపిస్తే, అక్కడ బొమ్మ గీసింది పిల్లలు కాదు, టీచరు.