పట్నం వారం: వండుకు తినడానికి ఊరు దాటిన నగరం

విశాఖవాసులు మాడుగుల హల్వా కోసం ఓ పూట ప్రయాణం కట్టడం మనకు తెలిసిందే. హైదరాబాద్‌కూ అలాంటి ప్రయాణం ఒకటుంది. అది సిద్దిపేట జిల్లా కొమురవెల్లికి. కాకపోతే అక్కడికి జనం తిండి కొనడానికి పోరు, బియ్యం, బెల్లం, కుండ పట్టుకుని వండుకోవడానికి పోతారు.

సంక్రాంతి దాటాక వచ్చే మొదటి ఆదివారాన్ని కొమురవెల్లి మల్లన్న స్వామి జాతరలో పట్నం వారం అంటారు. హైదరాబాద్ భక్తులదే ఆ రోజు. మర్నాడు వాళ్లే రంగుపొడులతో పెద్దపట్నం ముగ్గు వేయించి, అగ్నిగుండాలు తొక్కుతారు. రెండో ఆదివారం లష్కర్ వారం, అంటే సికింద్రాబాద్ వాళ్లది. అక్కడి కంటోన్మెంటుకు 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టినా జనం నోట అది లష్కరే. జంటనగరాలు రెండూ ఒక పల్లె జాతరలో చెరో వారం దక్కించుకున్నాయంటే, ఈ రాకపోకలు నిన్నమొన్నటివి కావు.

తెల్లారకముందే మూడు రాళ్ల పొయ్యిలు అంటుకుంటాయి. కొత్త కుండకు పసుపు పూసి, బొట్లు పెట్టి, నైవేద్యం వండి, వేపమండలు చుట్టి, పైన దీపం పెడతారు. అదే బోనం. గంగిరేగు చెట్టు దగ్గర ఒగ్గు పూజారులు రంగుపొడులతో పట్నాలు పరిచి మల్లన్న కథ చెబుతుంటారు. పండుగ అప్పుడే అయింది కనుక సంచుల్లో సకినాలు ఇంకా ఉంటాయి. నానబెట్టి దంచిన బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, బట్ట మీద చేత్తో చుట్టలు తిప్పి, కాస్త ఆరాక నూనెలో వేసినవి. దారికి సర్వపిండి కూడా మంచి తోడు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, కారం కలిపి గిన్నె లోపలే ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె పోసి, మూతపెట్టి కాలుస్తారు. అడుగున ఎర్రగా కరకరలాడే పొర కోసమే పిల్లలు కొట్లాడుకుంటారు.

యాట (మేక లేదా గొర్రె) మొక్కు ఉన్నవాళ్లు మల్లన్నను చూసి కొండపోచమ్మకు పోతారు. జగదేవ్‌పూర్ మండలం తీగుల్ నర్సాపూర్‌లోని ఆ గుడి చుట్టూ చెట్ల కింద కూర ఉడుకుతుంది. చుట్టపక్కాలంతా వరసగా కూర్చుని తింటారు. 2020 మే 29న ప్రారంభమైన జలాశయానికి ఆ దేవత పేరే పెట్టారు. సెలవు రోజుల్లో ఇప్పుడు దాని కట్ట మీదికీ నగరం నుంచి జనం వస్తున్నారు.

కొమురవెల్లికి రావడానికి ఒకప్పుడు ఎడ్లబండ్లు, తర్వాత బస్సులు, రాజీవ్ రహదారి మీద కార్లు. 2023 అక్టోబర్ 3న సికింద్రాబాద్–సిద్దిపేట రైలూ మొదలైంది. వరంగల్ జిల్లాలో ఉండిన కొమురవెల్లి 2016లో సిద్దిపేటలో చేరింది. ఇవన్నీ మారినా వంట మాత్రం మారలేదు. పర్యాటకం పేరుతో ఇక్కడ హోటళ్లు పెంచడం కన్నా ముందు పొయ్యి పెట్టుకునే జాగ, చెట్టు నీడ, చేతికందే మంచినీళ్లు కావాలని నా అభిప్రాయం. ఉగాది దాకా ఆదివారం ఆదివారం వచ్చే వేల కుటుంబాలు అడిగేది అంతే.